ఒకడి బదులు ఇంకొకడు

పోయిన నెల కాజీపేటలో ఒక పెళ్ళికి నాన్నని తీసుకెళ్తూ సికింద్రాబాద్ స్టేషన్‌లో గంటన్నర కూర్చోవాల్సి వచ్చింది. రైలు లేటు. స్టేషన్ కొత్తగా కడుతున్నారు కదా, ఎటు చూసినా రేకుల గోడలు, దుమ్ము. మాకు కాస్త దూరంలో, ప్లాట్‌ఫామ్ చివర, ముప్పై మంది దాకా కుర్రాళ్ళు వరసలు కట్టి కూర్చున్నారు. అందరిదీ ఒకే రకం కటింగు. ఒక్కొక్కడి కింద ఒక నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు. వాళ్ళ చుట్టూ ఒక హవల్దారు చేతిలో కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. పది నిమిషాలకోసారి లెక్కపెడుతున్నాడు. దూరం నుంచి వేలు చూపిస్తూ కాదు, ఒక్కొక్కడి భుజం తట్టి మరీ లెక్కపెడుతున్నాడు.

"ఏం చూస్తున్నవ్ రా అట్ల? సెంటర్‌ల ట్రైనింగ్ అయిపోయింది, యూనిట్లకు పోతున్నరు. డ్రాఫ్ట్ అంటరు దాన్ని," అన్నాడు నాన్న.

నాన్న సైనికుడు కాదు. కంటోన్మెంట్‌లో ఒక రికార్డ్స్ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు సివిలియన్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. యుద్ధం గురించి ఆయనకి తెలిసిందంతా కాగితాల మీదే. ఎవడు ఏ యూనిట్‌లో ఎప్పుడు చేరాడు, సెలవు ఎప్పుడు తీసుకున్నాడు, పెళ్ళెప్పుడైంది, పిల్లలెందరు, ఏదైనా జరగరానిది జరిగితే టెలిగ్రాం ఎవరికి పోవాలి. పార్ట్ టూ ఆర్డర్, నామినల్ రోల్, కిండ్రెడ్ రోల్ లాంటి మాటలు మా ఇంట్లో ఉప్పూ పప్పూ అన్నంత మామూలుగా వినబడేవి. కిండ్రెడ్ రోల్ అంటే ఎగ్ రోల్ లాంటిదేదో అని చాలాకాలం అనుకున్నాను. సైనికుడి కుటుంబంలో ఎవరెవరున్నారో రాసుకునే కాగితం అది.

నాకు యుద్ధ చరిత్ర చదివే అలవాటుంది. చేసేది మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చదివేది స్టాలిన్‌గ్రాడ్. మాలాంటి వాళ్ళు కలిస్తే మాట్లాడుకునేది ట్యాంకుల గురించో, జనరళ్ళ తప్పుల గురించో. ట్రంకు పెట్టె మీద కూర్చున్న కుర్రాడి సంగతి ఎవరూ ఎత్తరు. యుద్ధం మొదలైన ఆర్నెల్లకి మొదట వెళ్ళిన సైన్యంలో సగం మంది ఉండరు. చనిపోయినవాళ్ళు, గాయపడ్డవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు. ఆ తర్వాత యుద్ధం చేసేదంతా ఖాళీల్లోకి వచ్చినవాళ్ళే. వాళ్ళని ఎలా పోగుచేశారు, ఎలా పంపారు, అక్కడ ఎవరికి అప్పజెప్పారు అన్నది చూస్తే ఒక సైన్యం తన మనుషుల గురించి ఏమనుకుంటోందో తెలిసిపోతుంది.

నా వాదన ముందే చెప్పేస్తాను. దూరాన ఉన్న యుద్ధానికి మనిషిని ఒంటరిగా, విడి సామానులాగా పంపడం లెక్కల్లో చౌకగా కనబడుతుంది కానీ నిజానికి బాగా ఖరీదైన పని. ఈ మాట మీద నాన్నకీ నాకూ కాజీపేట దాకా గొడవ నడిచింది. అది చివర్లో చెబుతాను.

ముందు కొంచెం లెక్క. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక అమెరికన్ ఇన్‌ఫాంట్రీ (పదాతి) డివిజన్ అంటే 14 వేల పైచిలుకు మంది. వాళ్ళలో 27 రైఫిల్ కంపెనీలు, ఒక్కో కంపెనీలో 193 మంది. అంటే తుపాకీ పట్టుకుని శత్రువు మీదకి నడిచేవాళ్ళు 5,200 మంది. మిగతావాళ్ళు ఫిరంగులు, లారీలు, వైర్‌లెస్సులు, వంట, వైద్యం. దెబ్బ పడేది ఎక్కువగా ఆ 5,200 మీదే. డివిజన్ 3 వేల మందిని పోగొట్టుకుందంటే పై ఆఫీసులో "ఇరవై శాతం నష్టం" అని రాసుకుంటారు. రైఫిల్ కంపెనీలో ఉన్నవాడికి మాత్రం తన చుట్టూ సగం మంది మాయమైనట్టు. 1944 జూన్ 6న ఫ్రాన్స్ తీరంలో యూటా బీచ్‌లో దిగిన అమెరికన్ 4వ డివిజన్, పదకొండు నెలల్లో జబ్బులూ గాయాలూ చావులూ అన్నీ కలిపి 35 వేల మందికి పైగా పోగొట్టుకుంది. డివిజన్ మొత్తం రెండున్నర సార్లు ఖాళీ అయి నిండినట్టు లెక్క.

ఎలా నింపారు? అమెరికా దగ్గర మనుషులు ఉన్నారు కానీ డివిజన్లు తక్కువ. ఫ్యాక్టరీలకి, నౌకాదళానికి, విమానదళానికి పోగా నేల మీద పోరాడే సైన్యానికి మొత్తం తొంభై డివిజన్లతో సరిపెడదామని నిర్ణయించుకున్నారు, చివరికి 89 మిగిలాయి. పక్కన అదనంగా డివిజన్లు లేవు కాబట్టి అలిసిపోయినదాన్ని వెనక్కి లాగి ఇంకోదాన్ని పెట్టే వీలు లేదు. డివిజన్ అక్కడే ఉంటుంది, మనుషులు మారుతుంటారు. ట్రైనింగ్ అయిన కుర్రాళ్ళని ఓడలెక్కించి అట్లాంటిక్ దాటించారు. ఫ్రాన్సులో "40 మనుషులు, 8 గుర్రాలు" అని రాసి ఉండే గూడ్సు పెట్టెల్లో ఎక్కించి రీప్లేస్‌మెంట్ డిపోలకి చేర్చారు. సైనికులు దానికి పెట్టిన పేరు ముద్దుగానే ఉంటుంది, "రెపుల్ డెపుల్" అని. అక్కడికొచ్చాక ముద్దేం లేదు. రోజులో, వారాలో బురదలో టెంట్లలో పడి ఉండాలి. కలిసి ట్రైనింగ్ చేసిన స్నేహితుడు ఒక లారీ ఎక్కుతాడు, నువ్వు ఇంకో లారీ. చీకటి పడ్డాక ఏదో కంపెనీ దగ్గర దింపుతారు. పొద్దున్నే దాడి.

జర్మనీ సరిహద్దులోని హ్యుర్ట్‌గెన్ అడవిలో జరిగింది ఇదే. 1944 నవంబరు మొదట్లో అమెరికన్ 28వ డివిజన్ అక్కడ రెండు వారాల్లో 6 వేల మందికి పైగా పోగొట్టుకుంది. ఒకవైపు స్ట్రెచర్లు కిందికి దిగుతుంటే ఇంకోవైపు కొత్తవాళ్ళు పైకి వెళ్తున్నారు. చెట్ల తలల్లో పేలే గుండ్ల కింద బోర్లా పడుకుంటే ముక్కలు వీపు మీద పడతాయి, చెట్టు మొదట్ని కరుచుకుని నిలబడటం మేలు. ఇది పాతవాళ్ళకి తెలుసు. రాత్రి లారీ దిగినవాడికి ట్రైనింగ్‌లో నేర్పింది బోర్లా పడుకోమని. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎవరికీ తీరిక దొరకనందువల్ల ఎందరు పోయారో ఏ కాగితంలోనూ ఉండదు. పేరు కూడా తెలియకముందే పోయినవాళ్ళ గురించి సార్జెంట్లు తర్వాత చెప్పుకున్న మాటలు చదివితే మనసు పాడవుతుంది. దెబ్బతగిలి ఆసుపత్రి నుంచి కోలుకున్నవాణ్ణి కూడా మళ్ళీ ఆ డిపోలోనే పడేసేవారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి. అందుకే కొందరు పాతకాపులు డిపో నుంచి చెప్పకుండా పారిపోయేవాళ్ళు. ఇంటికి కాదు, ముందుకి, తమ పాత కంపెనీకి!

1944 చివర్లో పైవాళ్ళకి కూడా ఇది బాగాలేదని తోచింది. చేసిందేమిటంటే పేరు మార్చారు. ఇకనుంచి "రీప్లేస్‌మెంట్" అనకూడదు, "రీఇన్‌ఫోర్స్‌మెంట్" అనాలి. ఇది చదివినప్పుడు మా హెచ్ఆర్ డిపార్ట్‌మెంట్ గుర్తొచ్చి గట్టిగా నవ్వాను.

నవ్వడానికి కారణం ఉంది. 2016లో నేనూ ఒక రీప్లేస్‌మెంట్‌నే. యూరప్‌లో ఒక క్లయింటు దగ్గర పనిచేస్తున్న మావాడొకడు హఠాత్తుగా ఉద్యోగం మానేశాడు. వారంలో నన్ను విమానం ఎక్కించారు. క్లయింటుకి పంపిన మెయిల్‌లో నా పేరు లేదు, "రీప్లేస్‌మెంట్ సోమవారం రిపోర్ట్ చేస్తాడు" అని ఉంది. రిసెప్షన్‌లో పాతవాడి పేరుతోనే బ్యాడ్జి సిద్ధంగా పెట్టారు. రెండు వారాలు అదే మెడలో వేసుకుని తిరిగాను, కొందరు ఆ పేరుతోనే పిలిచారు. మూడో రాత్రి ఒక అలర్ట్ వచ్చింది. ఎవరికి ఫోన్ చేయాలో తెలియదు, తోచింది చేశాను, క్లయింటు బిల్లింగు నాలుగు గంటలు ఆగిపోయింది. ఆ అలర్ట్‌ని పట్టించుకోనక్కర్లేదని, అది ప్రతి బుధవారం రాత్రి వస్తుందని అక్కడ అందరికీ తెలుసట. నాకు చివాట్లు పడ్డాయి, అంతే. చెట్ల తలల్లో గుండ్లు పేలలేదు. రెంటినీ ఒకే గాటన కట్టడం తప్పని నాకూ తెలుసు. కానీ అందరికీ తెలిసి తనకొక్కడికే తెలియని సంగతి మధ్యలోకి మనిషిని తోసేస్తే ఎలా ఉంటుందో ఆ రాత్రి కొంచెం అర్థమైంది.

జర్మన్ల పద్ధతి వేరు. హిట్లర్ కోసం చేసిన యుద్ధాన్ని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు, ఆ సైన్యం చేసిన ఘోరాలకి ఈ వివరం ఏ మాత్రం మినహాయింపు కాదు. పద్ధతి వరకే మాట్లాడుతున్నా. దేశాన్ని సైనిక జిల్లాలుగా విడదీశారు. ఒక్కో డివిజన్‌కి తన సొంత జిల్లాలో, సొంత ఊళ్ళలో ఒక భర్తీ బెటాలియన్. అక్కడి కుర్రాళ్ళు అక్కడే చేరతారు, అదే డివిజన్‌లో దెబ్బతిని కోలుకుంటున్న పాతవాళ్ళ చేతికింద నేర్చుకుంటారు. తర్వాత వాళ్ళందరినీ ఒక మార్చ్ బెటాలియన్‌గా కట్టి, ఒక ఆఫీసరుని తోడిచ్చి, రష్యాలోనైనా సరే డివిజన్ దాకా ఒకే గుంపుగా పంపేవారు. అక్కడికి వెళ్ళినా నేరుగా కందకంలోకి తోసేయరు. డివిజన్ వెనక ఫీల్డ్ భర్తీ బెటాలియన్ ఉంటుంది, అక్కడి పోరు ఎలాంటిదో అక్కడివాళ్ళే కొన్నాళ్ళు నేర్పి అప్పుడు కంపెనీలకి పంచుతారు. దెబ్బతగిలినవాడు తన జిల్లాకి వెళ్ళి మళ్ళీ తన వాళ్ళ దగ్గరికే వస్తాడు.

ఈ ఏర్పాటంతా చూసేది భర్తీ సైన్యం అనే పెద్ద సంస్థ, ఫ్రోమ్ అనే జనరల్ కింద. 1944 జూలై 20న హిట్లర్‌ని చంపబోయినవాళ్ళు తిరుగుబాటుకి ఎంచుకున్నది కూడా ఈ భర్తీ సైన్యాన్నే, ఎందుకంటే దేశం లోపల చేతిలో తుపాకీ ఉన్న మనుషులు ఉన్నది అక్కడే. కుట్ర విఫలమయ్యాక ఆ పదవి హిట్లర్ అనుచరుడు హిమ్లర్‌కి వెళ్ళింది. అప్పటికే మనుషులు అయిపోతున్నారు. పాత డివిజన్లని నింపడం మాని కొత్త పేర్లతో కొత్త డివిజన్లు పుట్టించడం మొదలుపెట్టారు. పటం మీద జెండాలు పెరిగాయి, వాటి కింద మనుషులు పలచబడ్డారు. ఎనభై ఏళ్ళ ముందు అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది రాష్ట్రాలు చేసిందీ ఇదే. గవర్నర్లకి కొత్త రెజిమెంట్లు కడితే కొత్త కల్నల్ పదవులు పంచుకోవచ్చు. విస్కాన్సిన్ రాష్ట్రం మాత్రం పాత రెజిమెంట్లనే నింపుకుంటూ వచ్చింది. ఒక విస్కాన్సిన్ రెజిమెంట్ మామూలు బ్రిగేడ్‌తో, అంటే కొన్ని రెజిమెంట్లు కలిసిన దళంతో, సమానమని జనరల్ షెర్మన్ లెక్క.

ఇక మన సంగతి. దూరపు యుద్ధం అంటే ఏమిటో మనవాళ్ళకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయిని "తిలంగా" అనేవాళ్ళు, మన తెలుగునేల పేరు మీదనే. ఈస్టిండియా కంపెనీవాళ్ళు మనవాళ్ళని ఎంత దూరం నడిపించారో ఆ ఒక్క మాట చెబుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 సెప్టెంబరు చివర్లో లాహోర్ డివిజన్, అక్టోబరులో మీరట్ డివిజన్ ఫ్రాన్స్ రేవు మార్సెయ్‌లో దిగాయి. ఒక్కో బెటాలియన్‌లో 750 మంది సిపాయిలు, పన్నెండు పదమూడు మంది బ్రిటిష్ ఆఫీసర్లు. రెండు నెలల్లో ఖాళీలు మొదలయ్యాయి, పూడ్చడానికి దారి కనబడలేదు. భారత సైన్యానికి రిజర్వు ఉంది, 35 వేల మంది. కాగితం మీద. వాళ్ళలో చాలామంది వయసు మీరినవాళ్ళు, పళ్ళూడినవాళ్ళు, యుద్ధానికి పనికిరానివాళ్ళు. దానికి తోడు బెటాలియన్లు కులాలవారీ, మతాలవారీ కంపెనీలుగా ఉండేవి. సిక్కు కంపెనీలో ఖాళీ వస్తే సిక్కునే పంపాలి, డోగ్రా కంపెనీలో డోగ్రానే. ఆఫీసర్లది ఇంకో చిక్కు. సిపాయిల భాష తెలిసినవాడు, వాళ్ళ ఊళ్ళూ అలవాట్లూ తెలిసినవాడు చనిపోతే లండన్ నుంచి వచ్చే కుర్రాడికి "పానీ" అన్న మాట కూడా తెలియదు. చివరికి ఒక బెటాలియన్‌లో ఖాళీని ఇంకో బెటాలియన్‌ని కోసి నింపారు. చొక్కాకి అతుకు వేయడానికి పంచె చింపినట్టు. ఫ్లాండర్స్ చలికి మనవాళ్ళు తట్టుకోలేకపోయారని చాలాచోట్ల చదువుతాం. చలి నిజమే. నాకు మాత్రం చలి కంటే ఈ అతుకులే ఎక్కువ పాడుచేశాయనిపిస్తుంది. 1915 చివరికి పదాతి దళాన్ని ఫ్రాన్స్ నుంచి తీసేసి ఎక్కువమందిని మెసపొటేమియాకి, అంటే నేటి ఇరాక్‌కి, పంపేశారు.

గుర్రపు దళాలు ఉండిపోయాయి. వాటిలో ఒకదాని పేరు సికింద్రాబాద్ బ్రిగేడ్. 1916 జూలై 14 సాయంత్రం ఫ్రాన్స్‌లోని సోమ్ యుద్ధంలో, హై వుడ్ పక్కన గోధుమ చేలల్లోంచి బల్లేలు పట్టుకుని దూకిన 20వ దక్కన్ హార్స్ ఆ బ్రిగేడ్‌దే. ఆ దక్కన్ హార్స్ ఖర్చులు భరించింది మన ఏడో నిజాం. ప్యారడైజ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఎప్పుడైనా ఆలోచించండి, ఈ ఊరి పేరు ఫ్రాన్స్ పొలాల్లో ఒక సైనిక పటం మీద రాసి ఉండేదని. పేరులో దక్కన్ ఉన్నా అందులో దక్కనీ ముస్లింలతో పాటు సిక్కులు, జాట్లు ఉండేవాళ్ళు. ఇంకా విచిత్రం హైదరాబాద్ రెజిమెంట్‌ది. నిజాం కంటింజెంట్ నుంచి పుట్టి 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయింది. అందులో భర్తీ ఎక్కువగా కుమావూ కొండల నుంచి, జాట్ల, అహీర్ల పల్లెల నుంచి. పేరు మనది, మనుషులు వాళ్ళవి. 1945లో పేరుని కూడా మనుషుల దగ్గరికే పంపేశారు, అదే నేటి కుమావూ రెజిమెంట్.

మెసపొటేమియా కథ ఇంకా ఘోరం. 1915 డిసెంబరులో బ్రిటిష్ జనరల్ టౌన్షెండ్ సైన్యం కూట్ అనే ఊళ్ళో చుట్టుముట్టబడింది. దాన్ని విడిపించడానికి టైగ్రిస్ నది వెంట దొరికిన బెటాలియన్‌ని దొరికినట్టు పంపారు. ఈలోగా కూట్‌లో చిక్కుకున్న యూనిట్ల కోసం ఎప్పుడో బయల్దేరిన కొత్తవాళ్ళు బస్రాలో ఓడ దిగారు. వాళ్ళు చేరాల్సిన బెటాలియన్ టర్కుల వలయం లోపల ఉంది. ఏం చేస్తారు? నార్‌ఫోక్, డార్సెట్ అనే రెండు ఇంగ్లీషు రెజిమెంట్ల వాళ్ళని కలిపి "నార్సెట్స్" అని ఒక బెటాలియన్ కట్టారు. మహరాట్టాలకీ అలాంటి అతుకులబొంత ఒకటి. ఒకరినొకరు ఎరగని మనుషులు, తమ ఆఫీసర్లని ఎరగని మనుషులు, తమ అసలు యూనిట్‌ని విడిపించడానికి బురదలో దాడికి వెళ్ళారు. విడిపించలేకపోయారు. 1916 ఏప్రిల్ 29న 13 వేల మంది లొంగిపోయారు. వాళ్ళని విడిపించే ప్రయత్నంలో పోయినవాళ్ళూ గాయపడ్డవాళ్ళూ దాదాపు 23 వేలు.

1922 సంస్కరణల్లో ప్రతి రెజిమెంట్‌కి పదో బెటాలియన్ పేరుతో శాశ్వతంగా ఒక ట్రైనింగ్ బెటాలియన్ పెట్టారంటే ఆ పాఠం వల్లే. నేటి రెజిమెంటల్ సెంటర్లు దాని వారసులు.

ఇక్కడ నా వాదనకి పెద్ద అడ్డం ఒకటుంది, దాటేసి పోను. మనుషుల్ని కలిపి, ఊరివాళ్ళని ఊరివాళ్ళతో పంపితే బాగా పోరాడతారు, సరే. కలిసి చచ్చిపోతారు కూడా. ఇంగ్లండులో ఆక్రింగ్టన్ అనే మిల్లుల ఊరివాళ్ళు "పాల్స్" (స్నేహితుల) బెటాలియన్‌గా కలిసి చేరారు. 1916 జూలై 1న అదే సోమ్ యుద్ధంలో సెర్ దగ్గర అరగంటలో దాదాపు 700 మందిలో 584 మంది చావో గాయమో మాయమో అయ్యారు. ఆ ఊళ్ళో ప్రతి వీధిలోనూ కిటికీ తెరలు దించి ఉన్నాయంటారు. ఆ తర్వాత బ్రిటిష్‌వాళ్ళు కొత్తవాళ్ళని ఊరితో సంబంధం లేకుండా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపడం పెంచారు. మన దగ్గర చైనా యుద్ధంలో, 1962 నవంబరు 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లాలో 13 కుమావూ చార్లీ కంపెనీ. 120 మందిలో 110 మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ రేవాడీ చుట్టుపక్కల అహీర్లే. అవే పల్లెలకి అన్ని టెలిగ్రాములు.

టెలిగ్రాముల సంగతి వచ్చినప్పుడు నాన్న మాట తగ్గిస్తాడు. ఒకే జిల్లా పిన్‌కోడ్ వరసగా రాయడం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు.

కాబట్టి ఊరంతటినీ ఒక కంపెనీలో పెట్టమని నేను అనడం లేదు. ముప్పై మంది కలిసి నేర్చుకోవాలి, కలిసి ప్రయాణం చేయాలి, వెళ్ళిన చోట వాళ్ళని పేరుపెట్టి పిలిచి నాలుగు రోజులు దగ్గర పెట్టుకునేవాడు ఒకడుండాలి. వాళ్ళు ఒకే ఊరివాళ్ళు కానక్కర్లేదు.

ఇది గాలిలో చెప్పే మాట కాదు, మన సైన్యమే చేసి చూపించింది. 1942-43లో జపాన్‌వాళ్ళ మీద బర్మా తీరంలో చేసిన అరకాన్ దాడి ఘోరంగా విఫలమైంది. రంగంలోకి వచ్చిన కొత్తవాళ్ళు అడవిని ఎన్నడూ చూడనివాళ్ళు. దారిలో రీఇన్‌ఫోర్స్‌మెంట్ క్యాంపుల్లో నెలలు పడి ఉండి, ముందు నుంచి వెనక్కి వచ్చేవాళ్ళ భయం కథలు విని విని సగం చచ్చి చేరేవాళ్ళు. 1943లో రెండు డివిజన్లని యుద్ధం నుంచి పూర్తిగా తీసేసి బడులుగా మార్చారు. 14వ డివిజన్ చింద్వాడాలో, 39వది సహారన్‌పూర్‌లో. అరకాన్‌లో దెబ్బతిన్న 14వ డివిజనే కొత్తవాళ్ళకి అడవి యుద్ధం నేర్పే బడి కావడం నాకు చాలా నచ్చుతుంది. ఓడిపోయినవాడికి ఎక్కడ ఓడిపోయాడో తెలుసు. ఒక్కో రెజిమెంట్‌కి అక్కడ ఒక ట్రైనింగ్ బెటాలియన్. సొంత సెంటర్‌లో మామూలు శిక్షణ అయ్యాక ప్రతి రిక్రూటూ ఇక్కడ రెండు నెలలు అడవిలో బతికి, అప్పుడు బర్మాకి. మనుషులు ఎంత కరువుగా ఉన్న రోజుల్లో రెండు డివిజన్లని పక్కన పెట్టారో ఆలోచించండి.

బర్మా రంగంలో సైన్యాన్ని నడిపిన జనరల్ స్లిమ్ ఇంకో వైపు నుంచి కూడా వచ్చాడు. ఖాళీలు నింపడానికి అన్నిటికంటే మంచి దారి ఖాళీ రాకుండా చూడటం. 1943లో ఆయన సైన్యంలో గాయంతో వెనక్కి వెళ్ళేవాడు ఒకడుంటే జబ్బుతో వెళ్ళేవాళ్ళు 120 మంది. ఎక్కువగా మలేరియా. జ్వరం వచ్చినవాణ్ణి రోడ్డు మీద, రైలు మీద, ఓడ మీద ఇండియాకి పంపితే తిరిగి రావడానికి నెలలు, వస్తే. అందుకని యుద్ధరేఖకి కొద్ది మైళ్ళ వెనకనే మలేరియా చికిత్స యూనిట్లు పెట్టారు. మూడు వారాల్లో మనిషి తన కంపెనీకి, తన మనుషుల మధ్యకి. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్ర రోజూ మింగాలి. స్లిమ్ చెప్పకుండా యూనిట్ మొత్తానికి పరీక్ష చేయించేవాడు, మాత్ర మింగినవాళ్ళు 95 శాతం కంటే తగ్గితే కమాండింగ్ ఆఫీసర్ ఉద్యోగం పోయినట్టే. ముగ్గుర్ని తీసేయాల్సి వచ్చింది, మిగతావాళ్ళకి విషయం అర్థమైపోయింది. దోమలో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ పట్టుకున్నది 1897 ఆగస్టు 20న, మన బేగంపేటలోనే. బర్మాలో ఒక సిపాయి మూడు వారాల్లో తన యూనిట్‌కి తిరిగి వెళ్ళడం వెనక ఆ చిన్న బంగళా కూడా ఉంది.

తర్వాతి కాలంలో ఈ పాఠం మళ్ళీ మళ్ళీ మరిచిపోయారు. వియత్నాంలో అమెరికన్ సైనికుడు ఒక్కడే విమానంలో వచ్చి, పన్నెండు నెలలు లెక్కపెట్టుకుని, ఒక్కడే వెళ్ళిపోయేవాడు. దాని గురించి చాలామంది రాశారు, నేను వదిలేస్తాను.

వదలలేనిది మన వీధిలోది. 2024 మొదట్లో రష్యా సైన్యంలో "హెల్పర్" పని ఉందని ఏజెంట్లు మన కుర్రాళ్ళని పంపిన వార్తలు చదివే ఉంటారు. వెళ్ళాక చేతికి తుపాకీ ఇచ్చారు, కొద్ది రోజుల శిక్షణతో ఉక్రెయిన్ రేఖకి పంపారు అని కుటుంబాలు మొత్తుకున్నాయి. మార్చిలో ఒక హైదరాబాద్ యువకుడి మరణాన్ని మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. సీబీఐ కేసు పెట్టింది, జూలైలో ప్రధాని మాస్కో వెళ్ళినప్పుడు ఈ విషయం ఎత్తారు. ఇది నిరుద్యోగం కథ, మోసం కథ అని అందరూ రాశారు. నిజమే. నాకు ఇందులో పాత కథ ఇంకోటి కనబడింది. భాష రాదు. ట్రైనింగ్ లేదు. కలిసి వెళ్ళినవాళ్ళని చెదరగొట్టారు. కిండ్రెడ్ రోల్ ఏ ఆఫీసులో ఉందో ఎవరికీ తెలియదు. బస్రాలో దిగిన నార్సెట్‌కి కనీసం ఒక రెజిమెంట్ పేరైనా ఉంది.

రైల్లో నాన్నతో గొడవ సైన్యంలో కొత్త భర్తీ పథకం అగ్నిపథ్ మీద. 2022 జూన్ 17న మేము కూర్చున్న ఈ స్టేషన్‌లోనే బోగీలు తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. అప్పట్నుంచి ఈ ఊళ్ళో ఆ చర్చ అంతా ఉద్యోగం, పెన్షన్ చుట్టూ తిరుగుతుంది. నా ప్రశ్న వేరు. ట్రైనింగ్‌తో కలిపి నాలుగేళ్ళు, ఆ తర్వాత ఉండేది నూటికి 25 మంది. ఆ లెక్కన కొన్నేళ్ళకి ఒక సెక్షన్‌లో కొత్తవాడికి చెట్టు మొదలు కరుచుకోమని చెప్పేవాళ్ళు ఎందరుంటారు?

"కుర్రసైన్యం మంచిదేరా," అన్నాడు నాన్న. "నలభై ఏండ్ల నాయక్‌ల మెడికల్ కాగితాలు నేను చూసిన. మోకాళ్ళు అరిగినయి, బీపీ. వాళ్ళను కొండెక్కిస్తరా?"

"కొండెక్కించమనలేదు నాన్నా, చెప్పేవాడొకడు ఉండాలి అంటున్న."

"హవల్దార్లు ఉంటరు కదా. నూరు మందిల ఇరవై అయిదు మంది అంటే తక్కువనా? నువ్వు ఏ బెటాలియన్‌ల చేసినవ్?"

ఏ బెటాలియన్‌లోనూ చేయలేదు. నువ్వూ చేయలేదు కదా అందామనుకున్నాను, అనలేదు. ఆయన బ్యాగులోంచి బీపీ మాత్ర తీసుకుని నీళ్ళు అడిగాడు. తాగి, కాసేపు కిటికీలోంచి చూసి, "వాడు మాత్రం మంచిగ లెక్కపెట్టిండు," అన్నాడు. జనగామ వచ్చింది.